లినక్స్‌లో వెబ్ కోడ్‌కీ, స్క్రిప్టులకీ ఏ ఎడిటర్ మేలు?

ఎడిటర్ పేరు చెప్పే ముందు నేనొక ప్రశ్న అడుగుతాను: మీరు మార్చాల్సిన ఫైలు ఎక్కడుంది? మీ ల్యాప్‌టాప్‌లోనే, వందల ఫైళ్లున్న ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉందా? లేక ఎక్కడో సర్వర్‌లో, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు మెషిన్‌లోకి టెర్మినల్ నుంచి వెళ్లే దారి) లాగిన్ అయితే తప్ప చేతికందని చోట ఉందా? ఎడిటర్ల గురించి వాదించుకునేవాళ్లు థీమ్‌లు, ఎక్స్‌టెన్షన్లు, ఫాంట్లు అన్నీ మాట్లాడతారు గానీ ఈ సంగతి దగ్గర ఆగరు. సగం తగువు తీరేది మాత్రం ఇక్కడే.

వెబ్ పనీ, స్క్రిప్టు పనీ ఒకే మనిషి చేసినా రెండిటి స్వభావం వేరు. వెబ్‌లో ఒక బటన్ సరిచేయాలంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు మూడూ తెరిచి పెట్టుకోవాలి. ఒక ఫంక్షన్ పేరు మారిస్తే దాన్ని పిలిచిన ఇరవై చోట్లా మారాలి. టెర్మినల్ కమాండ్లను వరసగా పేర్చిన బాష్ స్క్రిప్టు అలా కాదు. అరవై లైన్లు, ఒక్కటే ఫైలు. రాస్తాం, పక్కనే నడిపి చూస్తాం, తప్పు దిద్ది మళ్లీ నడుపుతాం. మొదటిదానికి ప్రాజెక్టు మొత్తం కళ్లముందుండాలి. రెండోదానికి టెర్మినల్ వదలకుండా పని జరిగిపోవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఏ ఎడిటర్ ఎంత తెలివైనదని పోల్చడంలో ఇప్పుడు మునుపటంత సారం లేదు. మైక్రోసాఫ్ట్ 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను, అంటే ఎల్‌ఎస్‌పీని, అందరికీ ఇచ్చింది. అప్పట్నుంచి కోడ్‌ను అర్థం చేసుకోవడం, సూచనలివ్వడం, తప్పు కింద ఎర్రగీత గీయించడం పక్కన నడిచే వేరే ప్రోగ్రాం చూసుకుంటుంది. ఎడిటర్ దానితో మాట్లాడితే చాలు. లినక్స్ ఎడిటర్లలో కేట్‌కు 2019 డిసెంబర్‌లో, నియోవిమ్‌కు 2021లో ఆ మాట వచ్చింది. ఈమాక్స్ 2023లో 29వ వెర్షన్‌తో దాన్ని తనలోనే కలుపుకుంది. కాబట్టి ఒకే టైప్‌స్క్రిప్ట్ సర్వర్‌ను తగిలిస్తే ఎందులోనైనా దాదాపు అవే సూచనలు వస్తాయి. ఇక తేడా అంతా బరువులోనూ, ఎక్కడ నడుస్తుందనేదానిలోనూ, చేతికి అలవాటయ్యే కాలంలోనూ.

వీఎస్ కోడ్: వెబ్‌కు సుఖం, మెషిన్‌కు భారం

స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో నూటికి 70 మందికి పైగా డెవలపర్లు తాము వాడేది ఇదేనన్నారు. వెబ్ వరకూ ఆ పేరు ఊరికే రాలేదు. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ సూచనలు ఇన్‌స్టాల్ చేసిన నిమిషం నుంచే పనిచేస్తాయి. సంక్షిప్తాలను హెచ్‌టీఎంఎల్‌గా విప్పే ఎమ్మెట్ లోపలే ఉంది కాబట్టి చిన్న సంక్షిప్తం కొట్టి ట్యాబ్ నొక్కితే ఐదు వరుసల జాబితా ట్యాగులన్నిటితో సహా దిగిపోతుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఏం మారిందో, డీబగ్గర్ ఎక్కడ ఆగిందో, టెర్మినల్ ఏమంటోందో అన్నీ ఒకే విండోలో కనిపిస్తాయి. వెబ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మెత్తని దారి నాకు తెలియదు.

భారం సంగతికొస్తే, ఇది ఎలక్ట్రాన్ మీద కట్టింది, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ ఉన్నట్టే. ఓ మాదిరి ప్రాజెక్టు తెరిస్తేనే వందల ఎంబీ మెమరీ పోతుంది. లాంగ్వేజ్ సర్వర్, నాలుగు ఎక్స్‌టెన్షన్లు తోడైతే ఒక జీబీ దాటడం వింతేమీ కాదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో దీన్నీ, బ్రౌజర్‌నీ, లోకల్ సర్వర్‌నీ కలిపి నడపబోతే ఒక్కో క్లిక్‌కూ ఎదురుచూపే.

లినక్స్‌లోనే ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. ఫైళ్లు మారాయా లేదా అని కనిపెట్టడానికి ఇది కెర్నెల్‌లోని ఐనోటిఫై మీద ఆధారపడుతుంది. పాత కెర్నెళ్లలో ఒక యూజర్ ఇలా గమనించగల ఫైళ్లు, ఫోల్డర్లకు మామూలుగా ఉండే హద్దు 8192. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు వాడే లైబ్రరీలన్నీ చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఒక్కటి చాలు ఆ హద్దు తినేయడానికి. అప్పుడు 'ఈ ఫోల్డర్‌ను గమనించలేకపోతున్నాను' అన్న హెచ్చరిక వస్తుంది. హద్దును 524288కి పెంచమని చాలామంది వెంటనే సలహా ఇస్తారు. అంతకంటే ముందు నోడ్ మాడ్యూల్స్ జోలికి పోవద్దని సెట్టింగ్స్‌లో చెప్పి చూడండి. ఎక్కువసార్లు దానితోనే సరిపోతుంది.

లైసెన్స్ విషయంలో ఒక మెలిక. సోర్స్ కోడ్ ఎంఐటీ లైసెన్స్‌తో ఉంది. కానీ మైక్రోసాఫ్ట్ తయారుచేసి పంచే ప్యాకేజీకి లైసెన్స్ వేరు, టెలిమెట్రీ, అంటే వాడకం వివరాలు కంపెనీకి పంపే ఏర్పాటు, కూడా ఉంటుంది. అది గిట్టనివాళ్లకు అదే సోర్స్‌తో కట్టిన వీఎస్‌కోడియం ఉంది. దాంట్లో ఎక్స్‌టెన్షన్లు మైక్రోసాఫ్ట్ సంత నుంచి కాక, ఓపెన్ వీఎస్ఎక్స్ అనే వేరే సంత నుంచి వస్తాయి. మైక్రోసాఫ్ట్ సొంత ఎక్స్‌టెన్షన్లు కొన్నిటిని, ఉదాహరణకు సర్వర్‌లోని ఫైళ్లు తెరిచే రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌ను, అందులో వాడటానికి లైసెన్స్ ఒప్పుకోదు. మీ రోజువారీ పనికి అది ముఖ్యమో కాదో చూసుకుని దూకండి.

ఆ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ గురించే ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నేను మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇది సగం జవాబు. సర్వర్‌లోని ఫోల్డర్ మీ మెషిన్‌లో ఉన్నంత సులువుగా తెరుచుకుంటుంది. అయితే ఆ సుఖం కోసం అవతలి మెషిన్‌లో తన సొంత సర్వర్ ప్రోగ్రాం ఒకటి దించుతుంది. దానికి కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలని, 2 జీబీ ఉంటే మంచిదని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. చిన్న వర్చువల్ మెషిన్‌లో వెబ్‌సైటు, డేటాబేస్ నడుస్తుండగా దీన్ని కూడా ఎక్కించడం మంచిది కాదు. పైగా 2024 మొదట్లో వచ్చిన 1.86 వెర్షన్ నుంచి అవతలి మెషిన్‌లో జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములకు ఆధారమైన సిస్టమ్ లైబ్రరీ) కనీసం 2.28 ఉండాలన్నారు. అంతకంటే పాతది ఉన్న సెంటోస్ 7, ఉబుంటు 18.04 సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లకు అది గట్టి దెబ్బ. కాన్ఫిగ్ ఫైల్లో ఒక అంకె మార్చడానికి ఇదంతా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

విమ్: సర్వర్‌లో ఎదురయ్యేది

విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్‌ను బిల్ జాయ్ 1976లో రాశారు. అప్పుడాయన ముందున్న టెర్మినల్ ఏడీఎం-3ఏ. దాని కీబోర్డులో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే అచ్చువేసి ఉండేవి, ఎస్కేప్ మీట ఇప్పటి ట్యాబ్ ఉన్న చోట ఉండేది. ఇవాళ మనకు విడ్డూరంగా తోచే అలవాట్లన్నీ ఆ కీబోర్డు మీద చేతికి హాయిగా ఉండేవే. దాన్ని పెంచి బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశారు. 2014లో అందులోంచి నియోవిమ్ చీలింది.

విమ్ నేర్చుకోవాలని నేను అనడానికి కారణం వేగం కాదు. యూనిక్స్ జాతి మెషిన్ ఏదైనా వీఐ పేరుతో ఏదో ఒకటి ఉంటుందన్న ధీమా అసలు కారణం. యూనిక్స్ మెషిన్లలో ఏమేం ఉండాలో చెప్పే పాసిక్స్ ప్రమాణంలోనే వీఐ ఉంది. డెబియన్, ఉబుంటుల్లో విమ్ టైనీ అనే బక్క వెర్షన్ దొరుకుతుంది, ఆల్పైన్ కంటైనర్‌లో బిజీబాక్స్ వీఐ ఉంటుంది. రంగులు రాకపోవచ్చు, ప్లగిన్లు ఉండవు, అయినా ప్రాణం మీదకొచ్చినప్పుడు ఫైలు దిద్దుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ మధ్యలో తెగిపోయినా, విమ్ పక్కన రాసుకుంటూ ఉండే స్వాప్ ఫైలు మిగులుతుంది. మళ్లీ లాగిన్ అయి రికవర్ చేస్తే రాసినది చాలావరకు తిరిగొస్తుంది.

ఎడిటింగ్ పద్ధతి వేరే అందం. ట్యాగు లోపలున్న మాటంతా తుడిచి కొత్తది రాయాలంటే సి, ఐ, టి మూడు మీటలు. కోట్ గుర్తుల మధ్యది మార్చాలంటే టి బదులు కోట్ గుర్తు. అదే పని ఇంకోచోట చేయాలంటే ఒక్క చుక్క మీట. హెచ్‌టీఎంఎల్ దిద్దేవాళ్లకు ఇది ఒకసారి వేళ్లకు పట్టిందంటే వదలదు. పట్టేవరకు మాత్రం నరకమే. విమ్‌లోంచి బయటికి రావడం ఎలా అన్న ప్రశ్నను స్టాక్ ఓవర్‌ఫ్లోలో చూసినవాళ్లు 2017 నాటికే పది లక్షలు దాటారు మరి. జవాబు ఇక్కడే చెప్పేస్తాను: సేవ్ చేయకుండా రావాలంటే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. సేవ్ చేసి రావాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ.

పెద్ద వెబ్ ప్రాజెక్టుకు కూడా నియోవిమ్ వాడొచ్చా? వాడొచ్చు, బ్రహ్మాండంగా వాడేవాళ్లున్నారు. కాకపోతే ఇల్లు అలకగానే పండగ కాదు. లువా భాషలో కాన్ఫిగ్ రాసుకోవాలి, ప్లగిన్లు ఏరుకోవాలి, అప్‌డేట్‌కు ఒకటి విరిగితే దాని వెంట పడాలి. కొందరికి ఆ పనే ఆట, శనివారం సాయంత్రం తెలియకుండా గడిచిపోతుంది. ఈ నెలలో సైటు అప్పగించాల్సినవాళ్లు ఆ ఆటలోకి దిగకండి.

కేట్: ఎవరూ పెద్దగా చెప్పుకోనిది

ఈ పోలికలో నాకు బాగా నచ్చినదీ, తక్కువమంది నోట వినిపించేదీ కేట్. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లది, 2001 నుంచీ ఉంది. ఎలక్ట్రాన్ లేదు, క్యూట్ అనే నేటివ్ టూల్‌కిట్ మీద కట్టారు కాబట్టి తేలిగ్గా తెరుచుకుంటుంది. ఎల్‌ఎస్‌పీ, కింద టెర్మినల్, గిట్ అన్నీ ఉన్నాయి. ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు అందుకునే పద్ధతి) చిరునామా ఇస్తే సర్వర్‌లోని ఫైలు నేరుగా తెరుస్తుంది, అవతల ఏమీ దించక్కర్లేదు. రూట్‌కు, అంటే అడ్మిన్ యూజర్‌కు, చెందిన ఫైలు సేవ్ చేయబోతే పాస్‌వర్డ్ అడిగి రాస్తుంది. కావాలంటే వీఐ పద్ధతిలోకి కూడా మారుతుంది. పాత మెషిన్‌తో వెబ్ పని చేసేవాళ్లకు వీఎస్ కోడ్ కంటే ముందు నేను ఇదే చెబుతాను. లోటు ఎక్కడంటే, రియాక్ట్, వ్యూ లాంటి ఫ్రేమ్‌వర్కుల కోసం ఎక్స్‌టెన్షన్లు వెతుక్కునే సంత ఇక్కడ లేదు. లాంగ్వేజ్ సర్వర్‌లను మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

మిగతావి

ఈమాక్స్‌ను నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను, కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి వినండి. గ్నూ ఈమాక్స్ 1985 నుంచి ఉంది. గిట్ కోసం మ్యాగిట్, దూరపు ఫైళ్ల కోసం ట్రాంప్ చూసి మాత్రం అసూయ పడ్డాను. ట్రాంప్‌కు అవతలి సర్వర్‌లో మామూలు షెల్ ఉంటే చాలు. టెర్మినల్‌లో నడిచే చిన్న ఎడిటర్ నానో గురించి సిగ్గుపడాల్సిందేమీ లేదు. కీల జాబితా తెర అడుగునే కనిపిస్తుంది, ఫెడోరా 2020లో 33వ వెర్షన్ నుంచి దాన్నే డీఫాల్ట్ చేసింది. సబ్లైమ్ టెక్స్ట్ వేగం ఇప్పటికీ వేగమే, కానీ సోర్స్ మూసినది, లైసెన్స్ కొనాలి. జెడ్‌ను, గిట్‌హబ్ ఎడిటర్ ఆటమ్ చేసినవాళ్లే రస్ట్ భాషలో రాశారు, లినక్స్‌కు 2024 జులైలో వచ్చింది. కొత్త మెషిన్ ఉంటే చూడదగ్గదే.

ఆటమ్ పేరొచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఎలక్ట్రాన్ పుట్టిందే ఆటమ్ కోసం. ఆ ఎలక్ట్రాన్ మీదే వీఎస్ కోడ్ పెరిగింది, ఆటమ్‌ను మాత్రం గిట్‌హబ్ 2022 డిసెంబర్ 15న మూసేసింది. వెబ్ వాళ్ల కోసమే తెచ్చిన బ్రాకెట్స్‌ను అడోబీ 2021 సెప్టెంబర్‌లో వదిలేసింది. కంపెనీ ఇచ్చిన ఎడిటర్‌ను కంపెనీయే తీసేయగలదు, అందుకే చేతికి రెండో అలవాటు కూడా ఉండాలంటాను.

కోడ్‌లో తెలుగు ఉంటే

వెబ్ పేజీలో తెలుగు వాక్యాలు రాసేవాళ్లకు టెర్మినల్ ఎడిటర్లు ఇబ్బంది పెడతాయి. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా కోసి అక్షరాలను వాటిలో కూర్చోబెడుతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు కోడ్లు. వాటిని కలిపి ఒకే ఆకారంగా గీయడం చాలా టెర్మినళ్లకు చేతకాదు. ఒత్తులు విడిపోతాయి, కర్సర్ ఒకచోట ఉంటే మార్పు ఇంకోచోట జరుగుతుంది. ఈ పనికి కేట్, వీఎస్ కోడ్ హాయి. గ్రాఫికల్ ఈమాక్స్ కూడా 2020లో 27వ వెర్షన్ నుంచి, అక్షరాలను కలిపి ఆకారం కట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడుతోంది కాబట్టి బాగానే చూపిస్తుంది. తెలుగు టైప్ చేసే పద్ధతులు దానిలోపలే ఉన్నాయి, పలకరింపుల పేజీలో 'నమస్కారం' కూడా కనిపిస్తుంది. నన్ను రెండోసారి ఈమాక్స్ వైపు లాగింది అదే.

స్క్రిప్టుల దగ్గర ఎడిటర్ చేసే మేలు, కీడు

విండోస్‌లో రాసిన స్క్రిప్టు తెచ్చి నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటుంది. కంటికి ఫైలు బాగానే ఉంటుంది. ప్రతి లైను చివరా కనిపించకుండా కూర్చున్న క్యారేజ్ రిటర్న్ అసలు దొంగ. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ అన్న మాట మీద క్లిక్ చేసి ఎల్‌ఎఫ్‌కు మార్చండి. విమ్‌లో ఫైల్‌ఫార్మాట్‌ను యూనిక్స్ చేసి సేవ్ చేయండి. ఏ ఎడిటర్ వాడినా షెల్ స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ తగిలించుకోండి. కోట్ గుర్తులు మర్చిపోయిన వేరియబుల్‌ను అది పట్టుకున్నంత బాగా మన కళ్లు పట్టుకోలేవు.

ఒకసారి 2 జీబీ లాగ్ ఫైలును అలవాటు కొద్దీ గ్రాఫికల్ ఎడిటర్‌లోకి లాగి, మెషిన్ బిగుసుకుపోతే చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదే. చదవడానికి మాత్రమే అయితే లెస్ కమాండ్ ఉంది, ఎడిటర్ అక్కర్లేదు.

నా మెషిన్‌లో ఇప్పుడున్న ఏర్పాటు ఇది. ప్రాజెక్టు ఫోల్డర్‌కు వీఎస్‌కోడియం, విడి ఫైళ్లకు కేట్, సర్వర్‌లో ప్లగిన్లు లేని విమ్. మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే వీఎస్ కోడ్‌తో పాటు విమ్‌ట్యూటర్ అని టెర్మినల్‌లో కొట్టి ఆ అరగంట పాఠం పూర్తిచేయండి. ర్యామ్ తక్కువైతే మొదటిదాని స్థానంలో కేట్ పెట్టండి. ఏది ఎంచుకున్నా EDITOR అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (షెల్ గుర్తుపెట్టుకునే సెట్టింగ్) దాని పేరు పెట్టడం మర్చిపోకండి. గిట్ కమిట్ సందేశం రాయడానికీ, సుడోఎడిట్‌తో సిస్టమ్ ఫైళ్లు దిద్దడానికీ అదే తెరుచుకుంటుంది. అక్కడ వీఎస్ కోడ్ పెడితే పక్కన, ఫైలు మూసేదాకా ఆగమని చెప్పే --wait ఆప్షన్ కూడా ఇవ్వండి. లేకపోతే మీరు ఒక్క అక్షరం కొట్టకముందే సందేశం ఖాళీగా ఉందంటూ గిట్ కమిట్‌ను రద్దు చేసేస్తుంది.