నెట్‌వర్క్‌మేనేజర్: వైఫై రాకపోతే ముందు ప్రొఫైల్ తెరవండి

లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయకపోతే మనవాళ్ళు ముందు డ్రైవర్‌నే, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌నే అనుమానిస్తారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక కార్డే కనబడకపోతే ఆ అనుమానంలో అర్థముంది. కానీ నిన్నటిదాకా బాగా నడిచింది ఈరోజు మొరాయిస్తే, చుట్టుపక్కల నెట్‌వర్క్‌లన్నీ కనిపిస్తూ మనది మాత్రం కలవకపోతే, చూడాల్సింది ఆ కనెక్షన్ వివరాలు దాచుకున్న ప్రొఫైల్‌ని. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 20.04 వెర్షన్ రోజుల నుంచి 24.04 దాకా ఒకే థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో, ఇంటెల్ కార్డుతో, నెట్‌వర్క్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాముని రోజూ వాడుతున్నాను. ఇన్నేళ్ళలో వచ్చిన వైఫై చిక్కుల్లో చాలామటుకు ప్రొఫైల్ దగ్గరే తేలాయి.

వైఫై పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కొట్టగానే నెట్‌వర్క్‌మేనేజర్ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రాసిపెట్టుకుంటుంది. అదే ప్రొఫైల్. నెట్‌వర్క్ పేరు, భద్రత ఏ రకం, పాస్‌వర్డ్ ఎక్కడ దాచింది, ఏ కార్డు మీద నడవాలి, ఐపీ ఎలా తెచ్చుకోవాలి, అన్నీ అందులోనే ఉంటాయి. గాలిలో ఉన్న నెట్‌వర్క్ వేరు, మన దగ్గరున్న ఈ ఫైల్ వేరు. రౌటర్ మారినా కార్డు మారినా ఫైల్ మాత్రం పాత మాటే పట్టుకుని కూర్చుంటుంది. ఒకే వైఫైకి రెండు మూడు ప్రొఫైళ్ళు పేరుకుపోవడం కూడా మామూలే. పేరు చివర 1, 2 అని అంకెలు కనిపిస్తే సంగతి అదే.

ఇంట్లో జరిగిందే చెప్తాను. ల్యాప్‌టాప్‌లో రెండో ఎన్‌వీఎంఈ డిస్క్ వేయించాక వైఫై ఆగిపోయింది. స్కాన్‌లో ఇంటి నెట్‌వర్క్ కనిపిస్తోంది, సిగ్నల్ నిండుగా ఉంది. ఎన్ఎంసీఎల్ఐ అంటే నెట్‌వర్క్‌మేనేజర్‌ని టెర్మినల్ నుంచి నడిపే కమాండ్. 'ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్' కొడితే, ఈ కనెక్షన్‌కి తగిన పరికరం లేదని జవాబు. షాపులో విప్పినప్పుడు యాంటెన్నా వైరు ఊడిందేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి కొత్త డిస్క్ రావడంతో, లోపలి కార్డులు ఎక్కడున్నాయో చెప్పే పీసీఐ బస్ నంబర్లు మారాయి. కార్డుకి పేరు పెట్టేది ఆ నంబరును బట్టే. అలా డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 కాస్తా డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 అయింది. ప్రొఫైల్లో 'ఇంటర్‌ఫేస్-నేమ్' అన్న వరుసలో మాత్రం పాత పేరే ఉంది. 'ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై' కమాండ్‌తో ఆ వరుసని ఖాళీ చేయగానే కలిసింది. ఇంతమాత్రానికే సిస్టమ్ మొత్తం తుడిచి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళని చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నెట్‌వర్క్‌మేనేజర్ మీద నా పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. కారణం దానికి తెలుసు, మనకి చెప్పదు. స్క్రీన్ మీద 'యాక్టివేషన్ ఫెయిల్డ్' అని ఒక చిన్న డబ్బా వచ్చి పోతుంది, అంతే. అసలు కారణం లాగ్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టాలో ఉంటుంది. ఒక టెర్మినల్‌లో 'జర్నల్‌సీటీఎల్ -ఎఫ్' పెట్టుకుని, పక్కన కనెక్ట్ నొక్కి చూడండి. 'ఎస్ఎస్ఐడీ-నాట్-ఫౌండ్' (ఎస్ఎస్ఐడీ అంటే వైఫై పేరు) అని వస్తే పేరు తప్పో, దాచిపెట్టిన నెట్‌వర్కో, మన కార్డుకి అందని ఛానలో అయ్యుంటుంది. 'నో-సీక్రెట్స్' అని వస్తే పాస్‌వర్డ్ సంగతి. ఈ రెంటికీ తేడా తెలిస్తేనే సగం టెన్షన్ పోతుంది.

పాస్‌వర్డ్ సంగతి అన్నానుగా, పాస్‌వర్డ్ సరైనదే అయినా ఈ మాట రావచ్చు. ప్రొఫైల్లో 'పీఎస్‌కే-ఫ్లాగ్స్' అని ఒక అంకె ఉంటుంది. 0 అయితే పాస్‌వర్డ్ ఆ ఫైల్లోనే ఉంటుంది. 1 అయితే మన లాగిన్ కీరింగ్‌లో (లాగిన్ అయితేనే తెరుచుకునే పాస్‌వర్డ్‌ల పెట్టెలో) ఉంటుంది, 2 అయితే ప్రతిసారీ అడుగుతుంది. 1 ఉన్నప్పుడు మనం లాగిన్ అయ్యి కీరింగ్ తెరుచుకునేదాకా వైఫై కలవదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి పక్కన పెట్టేసి ఇంకో మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా దాని టెర్మినల్‌లోకి) వెళ్దామంటే కుదరదు. 0కి మార్చి, పాస్‌వర్డ్ మళ్ళీ ఇచ్చి సేవ్ చేస్తే చాలు.

రౌటర్ మార్చి పాత పేరే పెట్టుకున్నప్పుడు ఇంకో రకం తంటా. కొత్త రౌటర్‌ని డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మాత్రమే అని పెడితే దానికి కావాల్సింది ఎస్ఏఈ తరహా తనిఖీ, పాత ప్రొఫైల్లో ఉన్నది పాత తరహా డబ్ల్యూపీఏ-పీఎస్‌కే. కొన్నిసార్లు ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఇలాంటి చోట ప్రొఫైల్‌ని సరిదిద్దుతూ కూర్చోకండి. డిలీట్ చేసి కొత్తగా కలపండి. 'కీ-ఎంజీఎంటీ ప్రాపర్టీ ఈజ్ మిస్సింగ్' (భద్రత రకం రాసి లేదు) అన్న ఎర్రర్‌కి కూడా చాలాసార్లు అదే మందు.

మా తమ్ముడిది ఫెడోరా, ఇంకో రకం లినక్స్. "అన్నయ్యా, అప్‌గ్రేడ్ చేశాక హాస్టల్ వైఫై కలుస్తోంది గానీ నెట్ రావట్లేదు" అని ఫోన్ చేశాడు. వాళ్ళ హాస్టల్లో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబర్) రిజిస్టర్ చేసిన మెషీన్లకే నెట్ ఇస్తారు. ఫెడోరా 40 నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ అడ్రస్ తయారుచేసి ఇవ్వడం డిఫాల్ట్ అయింది. మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఎవరూ కనిపెట్టకుండా ఉండటానికి పెట్టిన మంచి మార్పే అది. హాస్టల్ ప్రొఫైల్లో మాత్రం 'క్లోన్డ్-మ్యాక్-అడ్రస్'ని 'పర్మనెంట్' (కార్డు అసలు అడ్రస్) అని పెట్టించాను, నెట్ వచ్చింది. బయట నెట్‌వర్క్‌లకి కొత్త పద్ధతే ఉంచుకోమన్నాను. ఇలా ఒక్కో చోటికి ఒక్కో తీరు పెట్టుకోగలగడం నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చిన గుణం.

ఆఫీసు వైఫై అన్నిటికంటే గట్టి పరీక్ష. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే 802.1ఎక్స్ నెట్‌వర్క్ అది. ఉబుంటు 22.04కి మారగానే కలవడం మానేసింది. లాగ్‌లో చూస్తే 'అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ డిజేబుల్డ్' అని ఉంది. 22.04తో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 (సర్వర్‌తో రహస్యంగా మాట్లాడే పని చూసే సాఫ్ట్‌వేర్) వచ్చింది, పాత పద్ధతిలో మాట్లాడే సర్వర్‌ని అది ఒప్పుకోదు. లోపం సర్వర్‌ది, ఆగిపోయింది నా పని. అప్పటికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సెట్టింగ్‌లో సడలింపు ఇచ్చి నెట్టుకొచ్చాను, సర్వర్ మార్చాక తీసేశాను. సర్వర్ అసలుదేనా అని సరిచూసేది సీఏ సర్టిఫికెట్. ఈ రకం ప్రొఫైల్ పెట్టేటప్పుడు 'సీఏ సర్టిఫికెట్ అవసరం లేదు' అన్న టిక్ పెట్టి తొందరగా పని కానిచ్చేయొద్దని గట్టిగా చెప్తాను. అలా చేస్తే అదే పేరుతో ఎవరు దొంగ వైఫై పెట్టినా మన లాగిన్ వివరాలు వాళ్ళ ముందు పెట్టినట్టే. సర్టిఫికెట్ ఫైల్ అడిగి తెచ్చుకోండి, డొమైన్ పేరు కూడా నింపండి.

వైఫై కలిసే ఉండి మధ్యమధ్యలో నత్తనడక నడిస్తే ప్రొఫైల్లో పవర్‌సేవ్ (బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్) చూడండి. ఉబుంటు దాన్ని ఆన్ చేసి ఇస్తుంది, విలువ 3 ఉంటుంది. 2 చేస్తే ఆఫ్. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, వీడియో కాల్స్ మాత్రం నిలకడగా నడుస్తాయి.

ఒక హెచ్చరిక. పాత వ్యాసాలు చదివి ప్రొఫైల్ ఫైళ్ళ కోసం ఈటీసీలోని సిస్టమ్-కనెక్షన్స్ ఫోల్డర్ తెరిస్తే, 24.04లో అది ఖాళీగా కనిపించవచ్చు. కంగారు పడకండి. 23.10 నుంచి ఉబుంటు డెస్క్‌టాప్ వాటిని నెట్‌ప్లాన్ (ఉబుంటు సొంత నెట్‌వర్క్ సెట్టింగ్‌ల ప్రోగ్రాం) ఫోల్డర్‌లో యామెల్ అనే ఇంకో తీరు టెక్స్ట్ ఫైళ్ళుగా దాస్తోంది. నాకైతే ఈ మార్పు నచ్చలేదు. పాత ఫైల్ తెరిస్తే ఎవరికైనా అర్థమయ్యేది, ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి కాపీ చేసుకోవడం తేలిక. అలా కాపీ చేసేటప్పుడు ఓనర్ రూట్ (సిస్టమ్ అడ్మిన్), పర్మిషన్ 600 (ఓనర్ తప్ప ఎవరూ చదవలేని తీరు) ఉండాలి, లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ ఫైల్ ముఖం కూడా చూడదు. ఎన్ఎంసీఎల్ఐ వాడేవాళ్ళకి మాత్రం ఈ తేడా తెలియను కూడా తెలియదు. అందుకే కొత్తవాళ్ళకి ఫైళ్ళు కాకుండా ఆ కమాండ్ నేర్చుకోమనే చెప్తున్నాను.

ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్ళు రెండు సెట్టింగ్‌లు తప్పకుండా చేసుకోవాలి. ఇంటి వైఫైకి 'ఆటోకనెక్ట్-ప్రయారిటీ' 10 ఇవ్వండి. హాట్‌స్పాట్‌ది మామూలుగా 0 ఉంటుంది, అలాగే వదిలేయండి. ఆటోకనెక్ట్ అయ్యేటప్పుడు రెండూ అందుబాటులో ఉంటే ఇంటిదే పట్టుకుంటుంది. హాట్‌స్పాట్ ప్రొఫైల్లో 'మీటర్డ్'ని (డేటాకి లెక్క ఉంది అని చెప్పేదాన్ని) 'ఎస్' చేయండి. దాన్ని గమనించి నడుచుకునే అప్‌డేట్ ప్రోగ్రాములు డేటా జోలికి రావు. ప్రయారిటీ పెట్టే చోటు ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ సెట్టింగ్స్‌లో లేదు. ఎన్ఎం-కనెక్షన్-ఎడిటర్ అనే పాత కిటికీ తెరిస్తే జనరల్ ట్యాబ్‌లో కనిపిస్తుంది.