పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీతో గానుగ పెంచుకున్నాం: మూడున్నరేళ్ల తర్వాత నా అనుభవం

2021 దాకా మాకున్నది ఒక్క చెక్క గానుగ, ఇంటి వెనక రేకుల షెడ్డు. పాకాల నుంచి తిరుపతి పోయే బస్సుల్లో చెనక్కాయల నూనె క్యాన్లు పంపేవాళ్లం. ఆ గానుగ ముద్రా లోన్‌తో కొన్నది. వాయికి పన్నెండు కిలోల గింజలు పోస్తే నూనె దిగడానికి ముప్పావుగంట. సంక్రాంతి ముందు రాత్రి పదకొండు దాకా తిప్పినా ఆర్డర్లకు చాలేది కాదు. ఇంకో గానుగ, కాయలు ఒలిచే మిషన్, నూనె వడగట్టే ఫిల్టర్ కావాల్సి వచ్చాయి. అలా పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకానికి అప్లై చేశాను. సబ్సిడీ మొత్తం లోన్‌లో జమ అయ్యాకే రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను.

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020 జూన్‌లో తెచ్చిన పథకం ఇది. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. అందులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు పెట్టుకుంటాయి. మన చేతి డబ్బు కనీసం 10 శాతం ఉండాలి, మిగతాది బ్యాంకు లోన్. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ముద్రా లోన్ తీర్చేసినవాళ్లకు పీఎంఈజీపీ అనే ఇంకో కేంద్ర పథకంలో రెండో లోన్ కూడా ఉంది కానీ అందులో మన ప్రాంతాలకు సబ్సిడీ 15 శాతమే. అందుకే ఇటు వచ్చాను.

అందరూ పొరపాటు పడేది ఆ 35 శాతం దగ్గరే. మా ప్రాజెక్టు 10 లక్షలు. లక్ష మేము పెట్టాం, 9 లక్షలు లోన్. "మూడున్నర లక్షలు గవర్నమెంటు ఇస్తుందంట కదా, ఆ డబ్బుతో షెడ్డు పెద్దది చేద్దాం" అన్నాడు మా ఆయన. ఆ డబ్బు చేతికి రాదు. బ్యాంకులోనే మన పేరున విడిగా ఒక ఖాతాలో పెడతారు. లోన్ చివరి విడత ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు గడవాలి, అప్పటికి యూనిట్ నడుస్తుండాలి, లోన్ ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కాకుండా ఉండాలి. అప్పుడే ఆ డబ్బు లోన్‌లోకి సర్దుతారు. అంటే మూడేళ్ల పాటు నెలనెలా 19 వేల పైచిలుకు కిస్తీ మన అమ్మకాల్లోంచే కట్టాలి. సబ్సిడీ ఊసే లేదనుకుని లెక్క వేసుకోండి. ఆ లెక్కలో కిస్తీ వెళ్లకపోతే విస్తరణ జోలికి పోవద్దు. మా మామ ఈ మాట మొదటి రోజే చెప్పాడు. ఎద్దుల గానుగ తిప్పిన మనిషి, అప్పు సంగతి ఆయనకు తెలుసు.

అప్లికేషన్ పని నేను భయపడినంత కష్టం కాలేదు. ఈ పథకం పనుల్లో సాయం చేయడానికి జిల్లాకు డీఆర్‌పీలని (జిల్లా రిసోర్స్ పర్సన్లు) ఉంటారు. ప్రాజెక్టు రిపోర్టు, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) కాగితాలు అన్నీ దగ్గరుండి చేయిస్తారు. కేసుకు 20,000 చొప్పున వాళ్లకు ప్రభుత్వమే ఇస్తుంది, మనం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇది తెలియక నేను మధ్యవర్తి ఒకడికి ఫైలు ఖర్చని ఐదు వేలు ఇచ్చాను. అవి తిరిగి రాలేదు. మా డీఆర్‌పీ మేడమ్ మాత్రం రెండుసార్లు షెడ్డుకే వచ్చి, గానుగ పక్కన స్టూలు మీద కూర్చుని వివరాలు రాసుకుంది.

బ్యాంకు దగ్గరే నలిగిపోయాను. మొదట వెళ్లిన బ్రాంచిలో నాలుగు నెలలు తిప్పించుకుని, చివరికి "ఇంటి పత్రాలు పెట్టండమ్మా" అన్నారు. 10 లక్షల లోపు సూక్ష్మ పరిశ్రమల లోన్లకు ఆస్తి హామీ అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన అప్పటికే ఉంది. ఆ మాట అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. రెండో బ్రాంచి మేనేజర్ వచ్చి గానుగ చూశాడు, అమ్మకాల నోటుపుస్తకం తిరగేశాడు, మూడు వారాల్లో మంజూరు చేశాడు. ఇంతలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చిత్తూరులో మొదలైన మా ఫైలు తిరుపతి జిల్లాకు మారింది. ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలియక ఒక నెల టెన్షన్ పడ్డాం.

నేను చేసిన పెద్ద తప్పు కరెంటు విషయంలో. మిషన్లు దిగాక త్రీఫేజ్ కనెక్షన్‌కు పెట్టాను. కనెక్షన్ వచ్చేసరికి రెండున్నర నెలలు. కొత్త గానుగ ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా మూలన ఉంటే నేను కిస్తీ కట్టాను. లోన్ మంజూరైన రోజే కరెంటుకు పెట్టండి.

ఈ పథకంలో నాకు నచ్చనిది ఒకటే: సబ్సిడీ మిషన్‌కే, సరుకుకు లేదు. లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజలు కావాలి. కొత్త పంట వచ్చినప్పుడు ధర దిగుతుంది, ఏడాదికి సరిపడా అప్పుడే కొనిపెట్టుకోవాలి. గానుగలు రెండయ్యాయి, కొనే డబ్బు మాత్రం పాతదే. మొదటి ఏడాది ఎండాకాలంలో ఎక్కువ ధరకు కొని నడపాల్సి వచ్చింది. ఆ నాలుగు నెలలూ నూనె తీశాక మిగిలే చెక్కను పాడి రైతులకు అమ్మిన డబ్బులతోనే కిస్తీ గట్టెక్కింది. నాలాంటి వాళ్లు విస్తరణలో చితికిపోయేది ఇక్కడే, దీన్ని ప్రభుత్వం పట్టించుకోవాలి.

అయినా మొత్తం మీద మేలే జరిగింది. కాయలు ఒలవడానికి నలుగురం రోజంతా కూర్చునేవాళ్లం, ఇప్పుడది గంట పని. నూనెను మూడు రోజులు ఎండలో పెట్టి మడ్డి దించే అవసరం లేదు, వానాకాలంలో కూడా ఆర్డర్ తప్పడం లేదు. పనికి ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. 2025లో, బాకీ నాలుగు లక్షల దగ్గరుండగా, 3,50,000 ఒకేసారి సర్దారు. మిగిలింది 50 వేల చిల్లర. మేనేజర్ ఇచ్చిన స్టేట్‌మెంట్ మామ చేతిలో పెడితే, కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

ఈ మూడేళ్ల స్టేట్‌మెంట్లూ పట్టుకుని వచ్చే వారం సీసీ లిమిట్ (సరుకు కొనడానికి అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) అడగడానికి అదే బ్రాంచికి వెళ్తున్నా. కొత్త కాయలు మార్కెట్‌కు వచ్చేలోపు అది చేతికి రావాలి.