ఫారం 20 రివ్యూ: ఇంట్లో ఓటు గురించి గొడవ పడే ముందు చూడాల్సిన కాగితం

మూడో పార్టీకి ఓటేసే ఇంట్లో పెరిగినోళ్ళకి ఈ మాటలు కొత్త కాదు. ఓటు మురిగిపోతుంది, ఓట్లు చీలిపోతాయి, గెలిచేవాళ్ళకి వెయ్యండి. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ క్యూలో నిలబడి నేను కూడా మా నాయనకి ఇదే చెప్పినా. ఆయన ఏమీ అనకుండా లోపలికి పోయి జనసేనకే వేసొచ్చినాడు. మే 23న లెక్కింపు అయితే మా తిరుపతి సీటులో తేడా 708 ఓట్లు. వైఎస్సార్‌సీపీ భూమన కరుణాకర్ రెడ్డి గారు టీడీపీ సుగుణమ్మ గారి మీద గెలిచినారు, జనసేనకి పన్నెండు వేల పైన వచ్చినాయి. ఆ రాత్రి మా బాబాయి ఫోన్ చేసి "మీలాంటోళ్ళ వల్లే పోయింది సీటు" అనేసినాడు నాయనని, ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. క్యూలో నేనన్న మాటే మళ్ళీ ఆ రాత్రి ఆయన వినాల్సొచ్చిందే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ ఫారం 20 సంగతి నాకు చానా ఆలస్యంగా తెలిసింది. అసెంబ్లీ సీటు ఫలితం మొత్తం బూత్ వారీగా వేసి రిటర్నింగ్ ఆఫీసర్ సంతకం పెట్టే షీటు ఇది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా ఉంటుంది, ఉచితం, లాగిన్ గీగిన్ ఏమీ లేదు. ఎడమ పక్క పోలింగ్ స్టేషన్ నంబర్లు, పైన అభ్యర్థుల పేర్లు, కుడి పక్క మొత్తాలూ నోటా, చివరి పేజీలో పోస్టల్ ఓట్లు కలిపి టోటల్. బూత్ పేరు గానీ స్కూలు పేరు గానీ ఉండదు, ఉట్టి నంబరే, కాబట్టి మీ ఓటర్ స్లిప్ పక్కన పెట్టుకోండి, మామూలుగా అందులో ఉండే పార్ట్ నంబరే ఇందులో స్టేషన్ నంబరు.

ఫోన్‌లో చూడాలంటే మాత్రం కష్టం, జూమ్ చేస్తే పేరు పైకి పోతుంది అంకె కిందికి పోతుంది, అందుకని ప్రింట్ తీయిద్దామని ఒక నెట్ సెంటర్‌కి పోతే ఆ అబ్బాయి చూసుకోకుండా ఎ4లో నిలువుగా కొట్టేసి కుడి పక్క కాలమ్‌లు మొత్తం కోసేసినాడు, డబ్బులు మాత్రం అన్ని పేజీలకీ తీసుకున్నాడు. ఇంకో చోట ఎ3లో అడ్డంగా తీయించినా, బ్రహ్మాండంగా వచ్చింది.

ఇంటికి తెచ్చి చాప మీద పరిచినాను. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని స్కేలు ఒకటి అడ్డం పెట్టి మా బూత్ లైను దాకా వచ్చినాడు, జనసేన కాలమ్ కింద అంకె మీద వేలు పెట్టి, "ఇందులో ఒకటి నాదిరా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కేసుకున్నాం. నాయన ఒక్కడే మనసు మార్చుకుని సుగుణమ్మ గారికి వేసుంటే 708 కాస్తా 707 అయ్యుండేది, అంతే. ఆ పన్నెండు వేల మందీ మిగిలిన ఇద్దరికే వేసుండాల్సి వచ్చినా, సుగుణమ్మ గారికి కరుణాకర్ రెడ్డి గారి కంటే 709 ఎక్కువ పడుంటేనే ఫలితం తిరగబడేది. అట్ల పడేవా, లేక సగం మంది అసలు బూత్‌కే వచ్చేవాళ్ళు కాదా అనేది ఏ కాగితమూ చెప్పదు. బాబాయి నాయన మీద వేసిన నింద మాత్రం నిలబడదు, అది నాకు ఖాయంగా తెలిసింది.

దీన్ని ఎట్ల వాడుకోవాలంటే, పోయిన రెండు ఎన్నికల తేడా చూడండి, పక్కనే మీ పార్టీకి వచ్చినవి చూడండి. 2024లో ఇదే తిరుపతిలో తేడా 61 వేల పైన, అంత తేడా కనిపించే చోట మనసుకి నచ్చినోళ్ళకి నిశ్చింతగా వేసుకోవచ్చు. తేడా వందల్లో ఉండి, ఇద్దరిలో ఒకరు గెలిస్తే మీకు నిజంగా నష్టం అనిపిస్తే అప్పుడు ఆలోచించాల్సిందే, అందులో తప్పేమీ లేదు. నోటా నొక్కితే ఏదో అవుతుందని కొందరు అనుకుంటారు, నోటాకి ఎన్ని పడినా గెలిచేది ఎక్కువ ఓట్లొచ్చిన అభ్యర్థే.

ఒక్క స్టార్ ఎందుకు తగ్గిస్తా ఉండానంటే ఇది జరిగిపోయినదే చెప్తుంది. పొత్తులు మారితే పాత అంకెలు పనికిరావు, 2019లో ఈడ మూడో స్థానంలో ఉన్న జనసేనే 2024లో పొత్తులో ఇదే సీటు గెలిచింది. ఆ రోజు పడిన పన్నెండు వేలు లేకుంటే పొత్తులో ఈ సీటు అడిగే బలం వచ్చేదా అని నాయన అంటాడు, నాకూ అదే నిజమనిపిస్తుంది. అయినా కొత్త పార్టీ గెలవదు అనే మాట మా ఊర్లో చెల్లదు, 1983లో ఎన్టీఆర్‌నీ 2009లో చిరంజీవినీ పార్టీ పెట్టిన తొలి ఎన్నికల్లోనే గెలిపించిన ఊరు ఇది.

ఐదుకి నాలుగు. ప్రింట్ ఎ3లో అడ్డంగానే అడగండి, కొట్టు దిగే ముందే నోటా కాలమ్ వచ్చిందో లేదో చూసుకోండి. మా షీటు ఇప్పుడు రేషన్ కార్డు ఫైల్‌లో ఉంది, బాబాయి ఈసారి వచ్చినప్పుడు నేనే తీసి ముందర పెడతా.