ఓంఫ్లర్ వెళ్తే ఒక రాత్రి ఉండండి

ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతపు చిన్న రేవు ఊరు ఓంఫ్లర్. పారిస్ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే ఊరని అందరూ చెప్తారు. మేమూ అదే అనుకుని, ఆఖర్లో మనసు మార్చుకుని ఒక రాత్రికి రూమ్ తీసుకున్నాం, అదే మంచిదయింది. ఊరికి రైలు లేదు, లె ఆవ్ర్ దాకా రైల్లో వెళ్ళి అక్కడ బస్సెక్కాలి. ఆ బస్సు సేన్ నది మీద నార్మండీ వంతెన ఎక్కుతుంది. 1995లో తెరిచినప్పుడు స్తంభాల నుంచి నేరుగా తీగలు లాగి కట్టే (కేబుల్-స్టేడ్) వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పొడవైన నడిమి భాగం దీనిదే, 856 మీటర్లు. బస్సు టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటయ్యాయి.

రేవు ఊరు కదా అని రేవు పక్కనే బీచ్ ఊహించుకోకండి. ఇది నది సముద్రంలో కలిసే చోటు, ఒండ్రు ఎక్కువ. ఈ చుట్టుపక్కల పాత రేవులు పూడిపోతున్నాయనే 1517లో మొదటి ఫ్రాంస్వా రాజు ఎదుటి ఒడ్డున లె ఆవ్ర్ కట్టించాడు. కాలక్రమంలో పెద్ద ఓడలు అటు పోయాయి, ఈ ఊరు చిన్నదిగా మిగిలింది, మనం ఇప్పుడు ఫోటోలు తీసుకునే అందం అందుకే మిగిలిందేమో. అలాగని చిన్న చరిత్రేం కాదు. 1608లో ఫ్రెంచ్ నావికుడు షాంప్లెయిన్ ఇక్కణ్ణుంచే బయల్దేరి వెళ్ళి ఇప్పటి కెనడాలోని క్యుబెక్ నగరం స్థాపించాడు. 18వ శతాబ్దంలో బానిసల వ్యాపారం ఓడలూ ఇక్కణ్ణుంచి వెళ్ళాయి, పలకరాతి గోడల ఆ సన్నటి పొడుగు ఇళ్ళను చూస్తూ అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది సేంట్ కేథరిన్ చర్చి. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య నూరేళ్ళ యుద్ధం అయ్యాక ఓడలు చేసే వడ్రంగులు తమకొచ్చిన పనితోనే మొత్తం చెక్కతో కట్టేశారు, తలెత్తి చూస్తే రెండు పడవల్ని పక్కపక్కన బోర్లించినట్టే ఉంటుంది. గంటల గోపురం మాత్రం విడిగా, ఎదురుగా ఉంటుంది. మ్యూజియాల్లో టైముంటే రెండూ చూడండి, లేకపోతే చిత్రకారుడు బుదాఁ మ్యూజియం చాలు. ప్రసిద్ధ చిత్రకారుడు మోనేకి ఆరుబయట బొమ్మలు వేయడం నేర్పిన ఆయన పుట్టిన ఊరు ఇదే. రెండోది సంగీతకారుడు సాతీ ఇల్లు, అందులో రెక్కలున్న పెద్ద బేరిపండు ఉంది, పిల్లలకి అదే నచ్చింది.

రూమ్ దగ్గర దెబ్బతిన్నాం. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది, వెళ్తే పై అంతస్తు, లిఫ్ట్ లేదు, నిచ్చెన లాంటి మెట్లు, మా అత్తగారు ఎక్కేసరికి ఆయాసపడిపోయారు. పాత రేవు ఎదుటి హోటళ్ళలో భోజనానికి కాదు, కాఫీకి కూర్చోండి. తిండికి వెనక సందుల్లోకి వెళ్తే బక్‌వీట్ పిండితో వేసిన అట్లు దొరుకుతాయి, గుడ్డూ చీజూ తినే శాకాహారులకి ఇబ్బంది లేదు.

పొద్దున ఏడింటికి రేవు దగ్గర మేము, ఒక కుక్క, వల సర్దుకుంటున్న ఒకాయన, అంతే. పదకొండుకల్లా టూరిస్టు బస్సులు దిగాయి, మేము బ్యాగులు తీసుకుని మా బస్సుకి పరిగెత్తాం.