జడ బ్రెడ్డుకు వెన్న పిండా, నూనె పిండా? తిరుపతి వేడికి ఏది మేలు

మూడు పాయలు అల్లిన తీపి బ్రెడ్డు పండక్కి ఇంట్లోనే చేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది పిండి సంగతి. పాలు, వెన్న, ఏలకులు వేసి కలిపేది ఫిన్లాండ్ వాళ్ల పుల్లా పద్ధతి. గుడ్లు, నూనె, నీళ్లతో కలిపేది యూదుల హల్లా పద్ధతి. ఇంగ్లిష్‌లో చూసి దాన్ని చల్లా అని చదివి మజ్జిగ పోసేరు! పాలూ మాంసమూ కలిపి తినకూడదన్నది వాళ్ల నియమం, అందుకే హల్లాలో పాలచుక్క గానీ వెన్న గానీ పడదు. మన వంటింట్లో ఈ రెంటికీ తీర్పు చెప్పేది మాత్రం ఎండే.

వెన్న పిండికి మైదా 500 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 240 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, చక్కెర 90 గ్రాములు, వెన్న 80 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన ఏలకుల గింజలు 2 టీస్పూన్లు. ఉప్పు వెన్న అయితే విడిగా వేసే ఉప్పు 5 గ్రాములు చాలు. గుడ్డు తినని ఇళ్లలో గుడ్డుకు బదులు ఇంకో 40 మిల్లీలీటర్ల పాలు పోస్తే సరిపోతుంది.

నూనె పిండికి అంతే మైదా, అంతే ఈస్ట్, నీళ్లు 160 మిల్లీలీటర్లు, గుడ్లు రెండు, వాటికి అదనంగా ఒక పచ్చసొన, సన్‌ఫ్లవర్ నూనె 60 మిల్లీలీటర్లు, చక్కెర 75 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు. గానుగ శెనక్కాయ నూనె వద్దు, ఆ వాసన మిగతావాటిని మింగేస్తుంది. ఇందులో గుడ్డు తీసేస్తే రుచీ రంగూ రెండూ పోతాయి. కాబట్టి శాకాహారులకు వెన్న పిండి ఒక్కటే దారి.

రుచి మాటకొస్తే వెన్నదే పైచేయి. దాని చిక్కంతా వేసవిలో. వెన్న 32 డిగ్రీలు దాటితే కరగడం మొదలవుతుంది, మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం 40 దాటుతుంది. పిండి చేతికి జిడ్డుగా తగులుతుంది, పాయలు ఒకదాన్నొకటి అంటుకుని జడ గీతలు మాయమవుతాయి, పొంగేలోపే పక్కలకు జారి చపాతీలా పరుచుకుంటుంది. మైదా ఇంకాస్త చల్లితే గట్టిపడుతుందిలే అనుకుంటే బ్రెడ్డు పొడిబారిపోతుంది. దీనికి మందు ఫ్రిజ్జే. పాలు, గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వాడండి. వెన్న లేకుండా 8 నిమిషాలు పిసికి, ఆ తర్వాత మెత్తని వెన్నను నాలుగు విడతలుగా కలపండి. ముందే వేస్తే వెన్న మైదాకు పూతలా పట్టి బంక సాగనివ్వదు. పిండిని మూతపెట్టి రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు, ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్నే ఎండ ఎక్కకముందు అల్లుకోవాలి. నూనె పిండికి ఈ తిప్పలేవీ లేవు. నూనె ఎలాగూ ద్రవమే కాబట్టి వేడికి దాని తీరు మారదు. చల్లటి నీళ్లతో 10, 12 నిమిషాలు పిసికితే చాలు. మేలో ముప్పావుగంటకే రెండింతలవుతుంది, అందుకని గడియారాన్ని నమ్మకుండా పిండిని చూడండి.

అందుకే డిసెంబరులో వెన్న పిండి, మార్చి చివరి నుంచి నూనె పిండి. ఈస్టర్‌కు గుడ్డు లేకుండానే కావాలంటే ఫ్రిజ్ పద్ధతి తప్పదు.

అల్లిక రెంటికీ ఒకటే. పిండిని రెండు బ్రెడ్డులకు పంచుకుంటే ఒక్కో పాయ 150, 160 గ్రాములు వస్తుంది. 14 అంగుళాల పొడవుకు చుట్టండి. సాగకుండా వెనక్కి లాక్కుంటుంటే 10 నిమిషాలు వదిలేయండి, దానంతటదే దారికొస్తుంది. జడ వేయడం చేతనైనవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు, జుట్టును లాగినట్టు బిగించేస్తారు. బిగిస్తే పొంగేటప్పుడు పాయల మధ్య చిరుగుతుంది. నడిమి నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ వదులుగా అల్లితే రెండు కొసలూ సమంగా వస్తాయి. రెండోసారి పొంగనిచ్చాక వేలితో నొక్కండి. గుంట నెమ్మదిగా పూడితే సిద్ధం. టక్కున పూడితే ఇంకా ఆగాలి, అసలు పూడకపోతే ఆలస్యమైపోయినట్టే, కాలాక జడ చదునవుతుంది. మొదటి బ్రెడ్డు కాలేవరకు రెండోదాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

పైన పచ్చసొన, చెంచాడు పాలు కలిపి పూయాలి. గుడ్డు వద్దంటే పాలలో చిటికెడు చక్కెర కలిపి పూసి, దించగానే వెన్న రాయండి. ఆ మెరుపు రాదు గానీ రంగు వస్తుంది. ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను, 15 నిమిషాలు వేడిచేసుకుని, నూనె బ్రెడ్డును 180 డిగ్రీల్లో, వెన్న బ్రెడ్డును 175లో 25 నుంచి 30 నిమిషాలు కాల్చాలి. పాలూ చక్కెరా ఎక్కువున్నది తొందరగా మాడుతుంది, పైభాగం ఎర్రబడగానే ఫాయిల్ కప్పండి. చక్కెర బదులు చిత్తూరు బెల్లం వేయాలనిపిస్తే నూనె పిండిలోనే వేయండి, ఏలకులున్న పిండిలో బెల్లం వాసన ముందుకొస్తుంది. కరిగించి వడకట్టి, నీళ్లు ఒక టేబుల్ స్పూన్ తగ్గించుకోవాలి.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నెలో స్టాండు పెట్టి, మూతేసి, సన్న సెగన 35, 40 నిమిషాలు కాల్చవచ్చు. పైనుంచి వేడి తగలదు కాబట్టి జడ పాలిపోయే ఉంటుంది. దానికంత కష్టపడి అల్లడం దండగ, పిండిని ఉండలుగా చుట్టి పేర్చుకోవడమే నయం.

నిలవకు నూనె బ్రెడ్డు మేలు, మూడోరోజుకూ మెత్తగానే ఉంటుంది. వెన్నది రెండోరోజుకే బిరుసెక్కుతుంది. ఏదైనా ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. బిరుసెక్కిన వెన్న బ్రెడ్డు ముక్కల్ని 120 డిగ్రీల్లో అరగంటకు పైగా ఎండనిస్తే టీలోకి ఏలకుల రస్కులవుతాయి. ఫిన్లాండ్‌లోనూ మిగిలిన పుల్లాను అలాగే చేసుకుంటారు.