మా ఇంటి ఇంకుడు గుంత: ఒంగోలు నల్లరేగడిలో ఎనిమిదేళ్ల అనుభవం

ముందే చెప్పేస్తా, పనిచేసింది. కాకపోతే మొదటిది కాదు, రెండోది.

2017లో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత తీసి, అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆపైన ఇసుక పోసి, డాబా మీది పైపు అందులోకి తిప్పి "అయిపోయింది సార్" అన్నాడు. ఆ ఏడు మొదటి పెద్ద వానకే గుంత నిండింది. నిండి, అలాగే ఉండిపోయింది. వారం తర్వాత మూత ఎత్తితే నీళ్లు అద్దంలా ఉన్నాయి, వాటిలో దోమల పురుగులు తోకలాడిస్తున్నాయి. మా వైపంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది గానీ తడిసి ఉబ్బిందంటే చుక్క కూడా కిందికి దిగనివ్వదు. నెల్లూరులో పెన్న దగ్గరుండే మా బామ్మర్ది ఇంట్లో ఇదే కొలత గుంత గంటలో ఖాళీ అవుతుంది, వాళ్లది ఇసుక నేల కదా. వాడిది చూసి వచ్చే నేనూ తీయించా.

మరుసటి ఎండాకాలం అంతా బయటికి తోడించి, గుంత మధ్యలో ఆరంగుళాల బోరు వేయించాం, ఆ నల్లమట్టిని దాటి ఇసుక పొర తగిలేదాకా. మాకు నలభై అడుగుల దగ్గర తగిలింది. బోరులో దించే కేసింగ్ పైపుకి కింద చీలికలు కోయించి, గుంతలో ఉండే భాగానికి బెజ్జాలు వేయించి నైలాను జాలీ చుట్టించా, చుట్టూ మళ్లీ కంకర, ఇసుక. మొత్తం 24 వేలు అయింది. మొదటి గుంతకి పెట్టిన 11 వేలు మాత్రం, ఆ గుంతలో బాగా ఇంకింది అదొక్కటే.

2021 నవంబరు వానలప్పుడు అర్ధరాత్రి టార్చిలైటు తీసుకుని మూత ఎత్తి చూశా. ఇసుక మీద జానెడు నీళ్లు, పైపులో గుడగుడమని చప్పుడు, ఓ మూల కప్ప. తెల్లారేసరికి కప్ప ఒక్కటే ఉంది.

లెక్క చూస్తే మా డాబా వెయ్యి చదరపు అడుగులు. ఒక సెంటీమీటరు వాన పడితే 930 లీటర్లు, మొదటి మురికి నీళ్లు వదిలేసినా 700 పైచిలుకు మిగులుతాయి. మన జిల్లాల్లో గట్టి వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. ఒక రాత్రి పది సెంటీమీటర్లు కురిస్తే పెద్ద ట్యాంకరుడు నీళ్లు. అంతకుముందు ఇవన్నీ సైడు కాలవలోకి పోయేవి.

ఫలితం అంటారా, మేం నీళ్లు తోడుకునే బోరు వేరే ఉంది, దాని నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క) ముందు 1,900 ఉండేది. ఇప్పుడు సంక్రాంతికి 1,200 చూపిస్తుంది, మేకి మళ్లీ 1,600కి ఎక్కుతుంది. తాగే నీళ్లకి 500 లోపుండాలి, గత్యంతరం లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు, కాబట్టి తాగడానికి ఇప్పటికీ క్యానే. కానీ సబ్బు నురగొస్తోంది, కుళాయిల మీద తెల్లటి పెచ్చు తగ్గింది, పప్పు ఉడుకుతోందని మా ఆవిడ మాట. మేలో ఇరవై నిమిషాలకే గాలి పీల్చే మోటారు ఇప్పుడు అరగంట దాటి ఆడుతోంది. ఇదంతా నా గుంత గొప్పేనని చెప్పను, మధ్యలో మంచి వానలు కూడా పడ్డాయి. పైగా ఇంకిన నీళ్లు నా బోరు దగ్గరే కాపలా కూర్చోవు, వీధంతా పోతాయి. మా వీధిలో పద్నాలుగు ఇళ్లు, గుంతలు రెండే, మిగతా అందరిదీ ప్రహరీ దాకా సిమెంటే. ఒకప్పుడు నీళ్లు నిలిచే ఖాళీ ప్లాట్లలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. సాగర్ కాలవ నీళ్లు చెరువుకి వస్తున్నన్నాళ్లు ఎవరికీ బోరు గుర్తుండదు, ఆలస్యమైన ఏడు మాత్రం అందరికీ టెన్షన్.

తిప్పలు కూడా చెప్పాలి. డాబా మీంచి వచ్చే పైపుకి T ఆకారం జాయింటు వేసి, దాని కింది కొసకి తీసి పెట్టుకునే మూత పెట్టించండి. మొదటి వాన నీళ్లతో పావురాల రెట్టలు, దుమ్ము అటు పోవాలి, తర్వాతే గుంతలోకి. నేను రెండేళ్లు బద్ధకించా, పైన ఇసుక పేడ అలికినట్టు గట్టిపడింది. ఇంకోసారి మూత తీస్తే తెల్లటి నురగ! పై వాటాలో ఉండే అక్క డాబా మీద సర్ఫుతో దుప్పట్లు ఉతికింది. ఆమె తప్పేం లేదు, ఆ పైపు ఎక్కడికి పోతుందో నేనే చెప్పలేదు. తాగే బోరులోకి పైపు నేరుగా దించితే ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెప్తే మాత్రం వినకండి.

దసరా లోపు పై ఇసుక మార్చాలి. నాలుగు గోతాలు చాలు, కానీ నాలుగు గోతాలు అమ్మేవాడు దొరకడం లేదు, అందరూ ట్రాక్టరే అంటారు. ఎదురింటి బాబాయి ఇల్లు కడుతున్నాడు, ఆయన్నే అడుగుతా. నిన్న చూస్తే ఆయనా ఇంకుడు గుంతకి ముగ్గు పోయించాడు, సరిగ్గా సెప్టిక్ ట్యాంకుని ఆనుకుని. ఇసుక సంగతి తర్వాత, ముందు అది చెప్పి రావాలి.