ఇంటి పనులకు టుడూయిస్ట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఇంటి పనుల కోసం టుడూయిస్ట్ యాప్‌ను ఏళ్లుగా వాడుతున్నాను. చేయాల్సిన పనులు తేదీలతో జాబితాగా రాసుకునే యాప్ ఇది. ఆఫీసు పనులకు వాడే యాప్ ఇంట్లో ఎందుకని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. అందులో ఒక్క సౌకర్యం కోసమే నేను దీన్ని వదల్లేదు: మళ్లీ మళ్లీ వచ్చే పనులకు తేదీలు రెండు రకాలుగా పెట్టుకోవచ్చు.

తేదీ దగ్గర ‘ఎవ్రీ 3 మంత్స్’ అని రాస్తే, పని ఎప్పుడు చేసినా మొదట పెట్టుకున్న తేదీ ప్రకారమే తర్వాతిది వస్తుంది. ‘ఎవ్రీ’ పక్కనే ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే మాత్రం, టిక్ పెట్టిన రోజు నుంచి మూడు నెలలు లెక్కపెడుతుంది. ఇంటి పనుల్లో ఎక్కువ ఈ రెండో రకమే. సంప్ కడిగించడం, ఏసీ ఫిల్టర్ శుభ్రం చేయడం, ఫ్యాన్లు తుడవడం అన్నీ ఇంతే. జనవరిలో కడిగించాల్సిన సంపు ఫిబ్రవరి చివర్లో కడిగించామనుకోండి. మళ్లీ ఏప్రిల్లోనే గుర్తుచేస్తే విసుగొస్తుంది. అలా నాలుగు పనులకు విసుగొస్తే ఇక ఆ యాప్ తెరవరు.

తేదీ కదలకూడని పనులు వేరే. కూలర్లో నీళ్లు, పూలకుండీల కింద పళ్లాలు ఖాళీ చేయడం మాకు శుక్రవారం పని, డ్రై డే అంటారే, అది. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకని దీన్ని వెనక్కి జరపడానికి లేదు, మామూలు ‘ఎవ్రీ ఫ్రైడే’ పెట్టాలి.

ఇందులో పనుల జాబితాను ప్రాజెక్టు అంటారు. ఇంట్లో అందరూ చూసే ప్రాజెక్టులో ఒక పనిని ఒక్కరికే అప్పగించగలం. కొందరు దీన్ని లోటు అంటారు, నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు చేద్దాంలే అనుకున్న పని చివరికి ఆడవాళ్ల మీదే పడుతుంది. మా ఆయన పేరున ఉన్న పని ఇప్పుడు ఆయనే చూసుకుంటారు, నేను గుర్తుచేయక్కర్లేదు. పని చేయడం కన్నా, అందరి పనులూ మనమే గుర్తుపెట్టుకోవడం ఎంత టెన్షనో ఇల్లు నడిపేవాళ్లకు తెలుసు.

ఇందులో ఇమడనివీ ఉన్నాయి. గ్యాస్ బుకింగ్‌కు తేదీ ఉండదు, రెండో సిలిండర్ తగిలించిన రోజే బుక్ చేయాలి. ఉగాదికి, వినాయక చవితికి ముందు బూజు దులిపే పనికి ఏటా పంచాంగం చూసి తేదీలు నేనే మార్చుకుంటాను. పనుల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు, తేదీలు మాత్రం తెలుగులో రాస్తే అర్థం చేసుకోదు, నేను ఇంగ్లిష్‌లో రాస్తాను. మా అత్తయ్యకు ఫోన్‌లో ఇవన్నీ చూడటం ఇష్టం ఉండదు, ఆవిడ కోసం ఆ వారం పనులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వంట, గిన్నెలు లాంటి రోజువారీ పనులు ఎక్కించకండి, జాబితా నిండిపోయి అసలైనవి కనిపించవు. నెలకో, ఆర్నెల్లకో వచ్చేవే పెట్టండి. వాటికి ఒక్క ప్రాజెక్టు చాలు, ఉచిత ప్లాన్‌తోనే సరిపోతుంది.